చివరి పెట్టె దాటేదాకా

మీ ప్రశ్న – నా జవాబు
నిర్వహణ: 38 ఏళ్ళు రైలింజన్లలో తిరిగి, గుంతకల్లులో స్థిరపడిన ఒక విశ్రాంత చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్

ఈ నెల ఉత్తరాల సంచి విప్పితే పెళ్ళిళ్ళ గొడవలు, ఆస్తి పంపకాలు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటిని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను, కోపగించుకోకండి. అయిదు ఉత్తరాలు మాత్రం ఒకదానినొకటి చూసి రాసినట్టున్నాయి. అన్నీ నేర్పడం గురించో, నేర్చుకోలేకపోవడం గురించో. ఉద్యోగంలో చివరి పదిహేనేళ్ళు నేను చేసింది ఆ పనే కనుక, ఈసారి వాటికే కూర్చున్నాను.

*

"ప్రొద్దుటూరులో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. పదహారేళ్ళ అనుభవం. జాకెట్లకు మంచి పేరుంది. గిరాకీ పెరిగిందని ఇద్దరమ్మాయిలను పనిలో పెట్టుకున్నాను. ఆరు నెలలైంది. చూపిస్తే తల ఊపుతారు, చేయమంటే చంక దగ్గర ముడతలు. ముహూర్తాలు దగ్గర పడ్డాక నేర్పుతూ కూర్చుంటే గడువు తప్పుతుంది. అందుకని రాత్రి వాళ్ళు వెళ్ళాక, వాళ్ళు కుట్టింది విప్పి నేనే కుడుతున్నాను. నాకు నేర్పడం చేతకాదా, వాళ్ళకు నేర్చుకోవడం రాదా? ఇద్దరినీ మాన్పించి నా పని నేను చూసుకోమంటారా?"
– ఒక టైలరు, ప్రొద్దుటూరు

అమ్మా, మీ ఉత్తరంలో "రాత్రి వాళ్ళు వెళ్ళాక" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పొద్దున్నే వచ్చిన అమ్మాయికి తన జాకెట్టు చక్కగా మడతపెట్టి కనిపిస్తుంది. బాగానే కుట్టానని అనుకుంటుంది. లేదా విప్పారని తెలిసి నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఏదైనా సరే, చంక ఎక్కడ తప్పిందో ఆమెకు తెలియలేదు. ఆరు నెలలుగా ఆ జాకెట్లు మీ చేతికే మరింత తర్ఫీదు ఇస్తున్నాయి, ఆ చేతికి దాని అవసరం లేదు.

మా పనిలో ఒక సంగతి చెబుతాను. పట్టాలు బలహీనంగా ఉన్నచోటా, మరమ్మతు జరుగుతున్నచోటా బండి నెమ్మదిగా పోవాలని డ్రైవరుకు ముందే కాగితం మీద రాసిస్తారు. కాషన్ ఆర్డర్ అంటారు దాన్ని. ఆ చోటికి చేరేసరికి పసుపు త్రికోణం మీద నల్లటి అంకె కనిపిస్తుంది, 20 అనో 30 అనో. గంటకు అన్ని కిలోమీటర్లే. అది దాటాక గుండ్రటి పసుపు పలక ఉంటుంది, ప్యాసింజర్లకు టి/పి అనీ గూడ్సుకు టి/జి అనీ రాసి. ఆ పలక దాటాకే వేగం పెంచాలి. పాడైన పట్టా ముగిసినచోటే ఆ పలక ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండదు. అక్కడి నుంచి ఒక బండి పొడవంత దూరం అవతల పాతుతారు. 58 వ్యాగన్ల గూడ్సుంటే, ఇంజన్ మంచి పట్టా ఎక్కేసినా చివరి పెట్టె ఇంకా ఆరేడు వందల మీటర్ల వెనుక ఆ బలహీనమైన పట్టా మీదే ఉంటుంది. ఇంజన్‌లో కుదుపు ఆగిపోతుంది. డ్రైవరుకు చెయ్యి దురద పెడుతుంది. అయినా ఆగాలి.

మీరు మంచి పట్టా ఎక్కి పదహారేళ్ళయింది. చంక కుట్టేటప్పుడు గుడ్డను ఎక్కడ లాగాలో, ఎక్కడ వదిలేయాలో మీ వేళ్ళకు తెలుసు. తెలుసన్న సంగతి మీకే గుర్తులేదు. అందుకే "ఇదిగో ఇలా" అని ఒక్కసారి చూపించి, వాళ్ళకు కూడా కుదుపు ఆగిపోయిందనుకున్నారు.

నేను ఫైర్‌మన్‌గా చేరిన కొత్తలో, అంటే 1978 ప్రాంతంలో, గుంతకల్లు నుంచి ద్రోణాచలం, నంద్యాల వైపు మీటర్ గేజ్ ఉండేది. ఆవిరి ఇంజన్లు. నా పని బొగ్గు వేయడం. వినడానికి సులువు. పొయ్యిలో బొగ్గు పలచగా, సమంగా పరుచుకోవాలి. ఒకచోట కుప్ప పడితే గాలి ఆడక నల్లటి పొగ వస్తుంది, ఆవిరి పడిపోతుంది. మొదట నేను పనిచేసిన డ్రైవరు చాలా నేర్పరి. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కొంచెం కిందికి దిగిందంటే నా చేతిలో పార లాక్కుని నాలుగు పారలు వేసి, మళ్ళీ నా చేతికిచ్చేవారు. బండి ఎప్పుడూ టైముకే నడిచేది. ఆరు నెలలకు నాకు అబ్బిన విద్య పార అందించడం.

తరువాత ఇంకొకరి దగ్గర వేశారు. ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. మొదటిరోజే ముల్లు దిగడం మొదలైంది. నేను పార ఆయన వైపు చాచాను, అలవాటు కదా. ఆయన తీసుకోలేదు. "పొయ్యి వైపు తరువాత చూద్దువుగాని, ముందు చిమ్నీ వైపు చూడు" అన్నారు. నల్లగా, దట్టంగా పొగ. "ముందువైపు కుప్ప పోస్తున్నావు. వెనక మూలలు ఆకలితో ఉన్నాయి." అంతే చెప్పారు. బేతంచెర్ల దగ్గర ఆవిరి లేపుకోవడానికి పదకొండు నిమిషాలు నిలబడ్డాం. ప్రయాణికులు దిగివచ్చి కేకలు వేశారు. ఆయన టీ తెప్పించుకుని, గ్లాసులో సగం నాకు పోసి, ఆలస్యానికి కారణం తన పేర రాసుకున్నారు. మరుసటి వారం నాలుగు నిమిషాలు పోయాయి. నెల తిరిగేసరికి ఏమీ పోలేదు. ఆ తరువాత ఇప్పటిదాకా ఎక్కడ పొగగొట్టం కనిపించినా నా కళ్ళు ముందు పొగ రంగు చూస్తాయి, మా ఆవిడకు అది చిరాకు.

ఆ పదకొండు నిమిషాలు ఎవరో ఒకరు భరించాలి. మీ విషయంలో అది డబ్బు, అందులో దాపరికం లేదు. ఒక మూడు నెలలు జాకెట్లు తక్కువ ఒప్పుకోవాల్సి వస్తుంది. అది మీ చేతనవుతుందో లేదో మీరే లెక్క వేసుకోవాలి. చేతనవుతుందనుకుంటే ఇలా చేసి చూడండి. ఈ జవాబు రాసేముందు ఆదోనిలో టైలరుగా ఉన్న మా మరదలికి ఫోను చేశాను, కాబట్టి ఇది సగం ఆమె మాటే.

ముహూర్తాల నెలలో కొత్త పని ఏదీ నేర్పకండి. వచ్చినదే చేయించండి. ఆషాఢంలో, మూఢాల్లో షాపు ఖాళీగా ఉంటుంది కదా, చంకలకు ఆ రోజులు కేటాయించండి, అదీ పాత చీర గుడ్డ మీద. పది చంకలు కుట్టి పది విప్పాలి. విప్పేది వాళ్ళే, పగటిపూట, మీ కళ్ళ ముందు. విప్పేటప్పుడే తెలుస్తుంది గుడ్డ ఎక్కడ బిగిసిందో.

మీరు కటింగ్‌తో మొదలుపెట్టి ఉంటారని నా అనుమానం, పని అక్కడ మొదలవుతుంది కాబట్టి. మా మరదలు వెనుక నుంచి నేర్పుతుందట. ముందు హుక్కులు, కాజాలు, హెమ్మింగ్. అవి వచ్చాక చేతులు అతకడం. తరువాత చంక, మెడ. కత్తెర అన్నిటికన్నా చివర. ఇలా చేస్తే మొదటి వారం నుంచే ప్రతి జాకెట్టూ ఆ అమ్మాయి చేతిలోనే పూర్తవుతుంది. పూర్తయినదాన్ని మడతపెట్టి కవర్లో వేసిన అమ్మాయి ముఖం చూడండి, ఆ తరువాత మాన్పించాలో వద్దో నిర్ణయించుకోండి.

ఇక మీరు "ఇద్దరు" అని కలిపి రాశారు. ఇద్దరూ ఒకేచోట ఆగి ఉండరు. ఎవరు ఎక్కడ ఆగారో రాసి ఉంటే మీ ఉత్తరంలో సగం ప్రశ్న ఉండేది కాదేమో.

*

"కర్నూలులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. కొత్తగా చేరినవాళ్ళకు సెలైన్ పెట్టడం నేర్పుతుంటాను. నాకు ఓపిక ఎక్కువేనండీ, విసుక్కోను. నేను పక్కన ఉంటే నరం చక్కగా పట్టుకుంటారు. నేను వార్డు దాటితే చాలు, ఫోను వస్తుంది. ఇంకా ఎంత నెమ్మదిగా నేర్పాలి?"
– ఒక నర్సు, కర్నూలు

నెమ్మది చాలు తల్లీ. ఇక పక్క నుంచి జరగండి.

మా దగ్గర కొత్త సెక్షన్‌కు వెళ్ళే డ్రైవరు ముందు ఆ దారి నేర్చుకోవాలి. తెలిసినవాళ్ళతో పగలూ రాత్రీ కలిసి ప్రయాణం చేసి ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఏ సిగ్నల్ చెట్టు చాటున ఉందో చూసుకుంటాడు. ఇన్‌స్పెక్టరుగా నేను అలాంటివాళ్ళ పక్కన కూర్చునేవాణ్ణి. ఒక కుర్రవాడు ఉండేవాడు. బ్రేక్ వేయడంలో అతనంత మెత్తని చెయ్యి నేను చూడలేదు. స్టేషన్ వస్తుంటే సరిగ్గా ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే మొదలుపెట్టేవాడు. నేను సంతోషంగా సంతకం పెట్టాను. నేను లేకుండా వెళ్ళిన మొదటి ప్రయాణంలోనే ఒక చిన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫారం దాటి ఒకటిన్నర పెట్టె ముందుకు పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, కంకర మీదికి దిగాల్సివచ్చిన ఒక పెద్దావిడ పెట్టిన శాపనార్థాలు తప్ప.

ఏమైందయ్యా అని అడిగాను. చాలాసేపు నసిగి చెప్పాడు. "సార్, బ్రేక్ వేసే చోటు వచ్చినప్పుడల్లా మీరు దగ్గేవారు. నేను దాన్నే గుర్తు పెట్టుకున్నాను."

ఆ దగ్గు నాకు తెలియదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, తెలియదు. నా శరీరం అతని బదులు బ్రేక్ వేస్తోందన్నమాట. అతను దారికి బదులు నన్ను చదువుకున్నాడు. ఆ తప్పు పూర్తిగా నాది.

మీరు కూడా ఎక్కడో దగ్గుతున్నారు. చూపుతోనో, రోగి చెయ్యి కాస్త తిప్పి పట్టుకోవడంతోనో, "ఊఁ" అనడంతోనో. అది ఏమిటో మీ కొత్తవాళ్ళనే అడగండి, చెబుతారు. తరువాత మీరు నిలబడే చోటు మార్చండి. మొదట మంచం అవతలివైపు, ఒక వారం తరువాత తలుపు దగ్గర వీపు తిప్పి, ఆపైన పిలిస్తే వినపడేంత దూరంలో. నేను వైద్యం తెలిసినవాణ్ణి కాను. కానీ గుచ్చించుకునే చెయ్యి రోగిది. కాబట్టి రెండుసార్లు ప్రయత్నించి దొరకకపోతే ఆగి పిలవాలి అన్నటువంటి హద్దు ముందే చెప్పి ఉంచండి. ఆ హద్దు ప్రకారం వచ్చిన ఫోనుకు విసుక్కోకండి. హద్దుకు ముందే వచ్చిన ఫోనుకు మాత్రం, "నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి ఆగండి. సమాధానం వాళ్ళ దగ్గర తయారుగా ఉంటుంది, చాలాసార్లు.

*

"అనంతపురంలో బోరు మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో ఏడాదిగా పని నేర్చుకుంటున్నాను. వయసు 19. మేస్త్రీ మంచివాడే కానీ చాలా వేగంగా చెబుతాడు. ఏ గాడిలో ఏ కాయిలు, ఎన్ని చుట్లు అన్నీ గడగడా చెప్పి వెళ్ళిపోతాడు. మళ్ళీ అడిగితే 'నిన్ననే చెప్పాను కదా' అంటాడు. సిగ్గుతో అర్థమైందని చెప్పేస్తున్నాను. రెండు మోటార్లు కాలిపోయాయి. నేను మందబుద్ధినా?"
– ఒక కుర్రవాడు, అనంతపురం

నాయనా, మందబుద్ధి ఉన్నవాడు కాలిన మోటార్లను లెక్కపెట్టుకోడు.

మా అమ్మాయి బి.ఎడ్. కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె చెప్పిన ఒక ప్రయోగం విను. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు చేశారు. అందరికీ తెలిసిన పాటల జాబితా ఒకటి ఇచ్చి, ఒకరిని బల్ల మీద వేళ్ళతో ఆ పాట కొట్టమన్నారు. ఎదుటివారు అది ఏ పాటో చెప్పాలి. కొట్టేవాళ్ళను ముందే అడిగితే, సగంమంది కనిపెడతారని ధీమాగా అన్నారు. మొత్తం 120 పాటలు కొడితే విన్నవాళ్ళు కనిపెట్టింది 3. కొట్టేవాడి తలలో వీణలూ మృదంగాలూ మోగుతుంటాయి, వినేవాడికి టకటక మాత్రమే వినిపిస్తుంది. కావాలంటే ఈ రాత్రి ఇంట్లో మీ అమ్మగారితో ఆడి చూడు.

మీ మేస్త్రీ తలలో మోటారు మొత్తం తిరుగుతోంది. నీకు అందుతున్నది టకటక. ఆయనకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే నువ్వు "అర్థమైంది" అంటున్నావు. ఆ ఒక్క మాటతో ఆయనకు పచ్చజెండా ఊపుతున్నది నువ్వే.

ఇంజన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనిపించగానే అసిస్టెంట్ గట్టిగా దాని రంగు చెబుతాడు, చెయ్యి చాపి మరీ. డ్రైవరు కూడా చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరికీ కళ్ళున్నాయి, ఇద్దరికీ కనిపిస్తోంది, అయినా ప్రతి సిగ్నల్‌కూ ఈ తంతు జరగాల్సిందే. కొత్తవాళ్ళు మొదట్లో నవ్వుకుంటారు. అర్ధరాత్రి మూడింటికి ఆ గొంతు విలువ తెలిశాక నవ్వరు.

నువ్వు "అర్థమైంది" అనడం మానేసి, విన్నది తిరిగి చెప్పు. "మేస్త్రీ, మొదటి కాయిలు ఈ గాడిలోంచి ఆ గాడిలోకి, ఇన్ని చుట్లు, అంతేనా?" తప్పు చెబితే అక్కడే దిద్దుతాడు. మళ్ళీ చెప్పమని అడిగితే మనిషికి విసుగు వస్తుంది కానీ, తప్పు దిద్దే అవకాశం వస్తే ఎవరూ వదులుకోరు, మనుషులంతే. రెండో పని: పాత చుట్టు విప్పేటప్పుడు నోటుబుక్కులో బొమ్మ గీసుకో. గాళ్ళు ఎన్ని, కాయిలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలింది, తీగ గేజీ ఎంత, చుట్లు ఎన్ని. మూడు నెలల్లో ఆ పుస్తకం కోసం మీ మేస్త్రీయే నిన్ను అడగకపోతే నాకు ఉత్తరం రాయి.

కాలిన మోటార్ల ఖర్చు నీ జీతంలో కోశాడా, తానే పెట్టుకున్నాడా? ఆ సంగతి నువ్వు రాయలేదు. తానే పెట్టుకుని ఉంటే, ఆయన వేగంగా మాట్లాడే మనిషే తప్ప నిన్ను వదిలేసిన మనిషి కాడు.

*

"నేను కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి దగ్గరలో ఉంటాను, గణితం ఉపాధ్యాయుణ్ణి. గత సంచికలో మీరు 'వెనకబడ్డవాడి వేగమే తరగతి వేగం కావాలి' అని రాశారు. వినడానికి బాగుంది. నా ఎనిమిదో తరగతిలో 52 మంది. మైనస్ 3 లోంచి 5 తీసేస్తే ఎంత అంటే పదిమంది నోరు తెరిచేలోపే చెబుతారు, పదిహేనుమంది రెండు అంటారు. ఆ పదిహేనుమంది కోసం ఆగితే ఈ పదిమంది కాగితం రాకెట్లు చేస్తారు. సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు, మీరా?"
– ఒక ఉపాధ్యాయుడు, కడప

మాస్టారూ, గత సంచికలో రాసిన ఆ వాక్యం తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఒక్క బండే ఉంది. మీ దగ్గర 52 బళ్ళున్నాయి, ఒకే లైను మీద.

ఒకే లైను మీద గూడ్సునూ ఎక్స్‌ప్రెస్‌నూ నడపాలంటే మేము చేసేది మీకు తెలుసు, దానివల్ల మీరూ ఎన్నోసార్లు చిరాకుపడి ఉంటారు. ఒకదాన్ని స్టేషన్‌లో పక్కగా ఉండే లూప్ లైన్లో నిలిపి ఇంకొకదాన్ని పోనిస్తాం. ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు వెనక తిప్పడం ఎంత తప్పో, గూడ్సును లూప్ లైన్లో వదిలేసి మరిచిపోవడమూ అంతే తప్పు. మీ పదిమందికీ ముందుకు పోవడానికి లైను ఇవ్వండి. తప్పుగా చేసిన లెక్క ఒకటి ఇచ్చి, చేసినవాడు ఏమనుకుని అలా చేశాడో కనిపెట్టమనండి. జవాబు చెప్పడం కన్నా అది కష్టం. రాకెట్లు తగ్గుతాయి. పూర్తిగా పోవు, ఎనిమిదో తరగతి కదా. ఆ పదిమందినీ రోజూ మిగతావాళ్ళకు పాఠం చెప్పే పనికి మాత్రం పెట్టకండి. మా రోజుల్లో క్లాసు లీడర్లకు ఆ శిక్ష పడేది. వాళ్ళు చదువుకోవడానికే వచ్చారు, మన పని పంచుకోవడానికి కాదు.

ఇక ఆ పదిహేనుమంది. మీరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారు? మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో సైన్సు తరగతుల టేపులు వింటూ గడియారం పట్టుకుని చూశారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆ తరువాత ఇంకొకరిని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడారు, తెలియదు అనేవాళ్ళు తగ్గారు. ఆమె గమనించిన ఇంకో సంగతి నన్ను కాస్త బాధపెట్టింది. వెనకబడ్డారనుకున్న పిల్లలకు టీచర్లు ఆ ఒక్క సెకను కూడా సరిగ్గా ఇవ్వడం లేదు. ఎలాగూ చెప్పడు కదా అని ముందుకు పోతున్నారు.

మూడు సెకన్లు సిలబస్‌ను మింగేయవు. కానీ ఆగి చూడండి, మూడు సెకన్లు ఎంత పొడవో తెలుస్తుంది. ఆ పదిమందినీ చేతులు కిందికి దించి ఉంచమని, జవాబు అందరినీ నోటుబుక్కులో రాయమని చెప్పి, మీరు వెనక బెంచీల మధ్య నడవండి. రెండు అని రాసినవాడు మైనస్ గుర్తును మరిచి అయిదులోంచి మూడు తీశాడా, ఎండాకాలం బోరులో నీటిమట్టం లాగా సున్నా కిందికి దిగడం అతనికి కళ్ళకు కట్టలేదా? రెండూ వేరువేరు జబ్బులు, ఒకే మందు పనిచేయదు.

బండి స్టేషన్‌కు వచ్చిందని ఇంజన్‌ను చూసి నిర్ధారించరు మాస్టారూ. చివరి పెట్టె వెనక ఎల్‌వి, అంటే లాస్ట్ వెహికల్, అని రాసిన పలక ఉంటుంది, రాత్రయితే ఎర్ర దీపం. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు. కనిపించకపోతే మధ్యలో కొక్కెం తెగి కొన్ని పెట్టెలు ఎక్కడో ఆగిపోయాయని అర్థం, ఆ లైను మీదికి ఇంకో బండిని వదలరు. ఈ పాఠం అయిందా లేదా అని చూడటానికి రోజూ 52 పుస్తకాలు దిద్దనక్కరలేదు. మీ ఎల్‌వి పలక ఏ బెంచీలో కూర్చుంటుందో మీకు తెలుసు. ఆ మూడు పుస్తకాలు చూడండి చాలు.

బ్రౌన్ గ్రంథాలయం అన్నారు కాబట్టి ఒక మాట. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చారు. ఆయన తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు వెలువడింది 1852లో. నడుమ 32 ఏళ్ళు. పక్కన కూర్చుని అర్థాలు విడమరిచిన పండితులు మొదటి ఏడాది లోలోపల ఎన్నిసార్లు నిట్టూర్చి ఉంటారో ఊహించుకుంటుంటే నాకు ధైర్యం వస్తుంది. మీకూ వస్తుందేమో చూడండి.

సిలబస్ నేను పూర్తిచేయలేను. ఆ విషయంలో మీ కోపం న్యాయమైనదే.

*

"గుంతకల్లే మాదీ. నాకు 63 ఏళ్ళు. కూరగాయల దగ్గర ఫోనుతో డబ్బు కట్టడం నేర్చుకుందామని ఉంది. మా వారు నేర్పుతానంటారు. నేను వేలు పెట్టేలోపే ఫోను లాక్కుని ఆయనే నొక్కి 'చూశావా, ఎంత సులువో' అంటారు. మూడు నెలలుగా ఇదే పాఠం."
– ఒక గృహిణి, గుంతకల్లు

అమ్మా, ఆయనకు బాగా వచ్చేసి ఉంటుంది ఈపాటికి.

పాఠం జరిగినంతసేపూ ఫోను మీ చేతిలోనే ఉండాలి. ఆయన నోటితో చెప్పవచ్చు, చేతులు ముట్టుకోకూడదు. చేతులు ఊరుకోకపోతే చిక్కుడుకాయలు ఒలవమని ముందు పెట్టండి. మొదటిరోజు ఆయనకే పది రూపాయలు పంపండి, తప్పు పోయినా ఇంట్లోనే ఉంటాయి. పంపేముందు తెరమీద వచ్చిన పేరు పైకి చదవండి. రహస్య అంకె ఆయనకు కూడా చెప్పనక్కరలేదు. ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి: మనం డబ్బు పంపడానికి ఆ అంకె కావాలి, మనకు డబ్బు రావడానికి అక్కరలేదు. "మీకు డబ్బు వస్తుంది, అంకె నొక్కండి" అని ఎవరైనా ఫోను చేస్తే అది దొంగ ఫోనే.

మీ వారి మీద నాకు కొంచెం జాలి కూడా ఉంది. రిటైరయ్యాక నేను రాగి సంగటి చేయడం నేర్చుకుంటున్నాను. ఉడికిన బియ్యంలో పిండి పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో కెలకాలి. మా ఆవిడ మొదట్లో తెడ్డు లాక్కునేది. మీ ఉత్తరం చదివి వినిపించాక లాక్కోవడం మానేసింది. నిన్న రాత్రి గడప దగ్గర నిలబడి అటువైపు తిరిగి ఉంది. నేను పిండి పోస్తున్నాను. ఆవిడ దగ్గింది. నేను తెడ్డు తిప్పడం మొదలుపెట్టాను.